టుటు ఎందుకు అడ్డంగా నిలబడుతుంది? బ్యాలే దుస్తుల వెనుక మూడు వందల ఏళ్ల కథ

క్లుప్తంగా: టుటు అంటే ఒకే రకం గౌను కాదు. 1830లలో పిక్కల దాకా జారిన తెల్లటి గంట ఆకారపు లంగా, 19వ శతాబ్దం చివర మోకాలి దగ్గరికి లేచిన పొట్టి లంగా, 20వ శతాబ్దం మధ్యలో నడుము చుట్టూ పళ్లెంలా నిలిచిన నెట్టు చక్రం, ఈ మూడింటినీ అదే పేరుతో పిలుస్తున్నారు. కొత్త అడుగులు, కొత్త దీపాలు, కొత్త గుడ్డ కలిసి లంగాను కొద్దికొద్దిగా పైకి లేపాయి. ఆ మధ్యకాలంలో పల్చని గుడ్డకు నిప్పంటుకుని ఎందరో నర్తకులు చనిపోయారు.

ఆన్‌లైన్‌లో ‘టుటు’ అని వెతికితే ఒకే పేరుతో వేర్వేరు వస్తువులు కనిపిస్తాయి. మొదటి పుట్టినరోజు పాపకు వేసే, నడుముకు ఎలాస్టిక్ ఉన్న నెట్టు గౌను ఒకటి. కాలేజీ అమ్మాయిలు టీషర్టుతో కలిపి వేసుకునే నెట్టు స్కర్టు ఇంకొకటి. ‘స్వాన్ లేక్’ ఫొటోల్లో హంసరాణి నడుము చుట్టూ కదలకుండా నిలబడే తెల్లని చక్రం మరొకటి. కొన్నేళ్లుగా ‘బ్యాలేకోర్’ అనే పేరుతో రిబ్బన్ల చెప్పులు, లేత గులాబీ రంగు స్వెట్టర్లు, నెట్టు స్కర్టులు సోషల్ మీడియాలో బాగా తిరగడంతో ఈ గజిబిజి ఇంకా పెరిగింది. వీటి మధ్య చుట్టరికం నిజమే. ఏది ఎక్కడ పుట్టిందో, ఎందుకు ఆ ఆకారంలో ఉందో తెలియాలంటే మాత్రం స్టేజీ మీద ఏం మారుతూ వచ్చిందో చూడాలి.

మొదట్లో నిలబడే లంగా మగవాళ్లదే

బ్యాలే రాజాస్థానాల్లో పుట్టింది. ఇటలీ నుంచి ఫ్రాన్స్ చేరి అక్కడ స్థిరపడింది. 1653లో, 14 ఏళ్ల వయసులో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ బంగారు రంగు సూర్యుడి వేషం కట్టి ఆడాడు. ఆస్థానంలో రోజూ వేసుకునే దుస్తులకే ఇంకాస్త హంగు చేర్చినవి అప్పటి వేషాలు. జరీ, ఈకలు, రాళ్లు, ముఖానికి ముసుగు ఉండేవి. పారిస్ ఒపేరా అనే నాటకశాల వేదిక మీద వృత్తి నర్తకీమణులు కనిపించింది 1681లో. అంతవరకు అక్కడ ఆడవేషాలు కట్టింది కూడా మగవాళ్లే.

18వ శతాబ్దంలో మగ నర్తకులు ‘తొనెలే’ అనే పొట్టి లంగా వేసుకునేవారు. తుంటి చుట్టూ గట్టిగా, వెడల్పుగా నిలబడేది. ఈనాటి టుటు పక్కన దాని బొమ్మ పెట్టి చూస్తే రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో తెలుస్తుంది. ఆడవాళ్లకు ‘పానియే’ ఉండేది. ఆ మాటకు అర్థమే బుట్ట. నడుముకు రెండు పక్కలా బుట్టలు కట్టినట్టు గౌను పక్కలకు ఉబ్బి, అంచు నేల దగ్గరికి దిగేది. అంటే మగవాడి కాళ్లు ప్రేక్షకులకు కనిపించేవి, ఆడమనిషి కాళ్లు గుడ్డలో దాగిపోయేవి. ఎత్తుగా గెంతడం, గాలిలో పాదాలు తాటించడం మగవాళ్ల విద్యగా పేరు పడటానికి ఇదొక పెద్ద కారణం. చూపించే వీలే లేనప్పుడు ఆ అడుగులు నేర్చుకోవాలనే ఆరాటం ఎవరికి ఉంటుంది?

ఈ కట్టును మొదట సడలించింది ఇద్దరు నర్తకీమణులు. ఇద్దరి కారణాలూ వేరు. 1726లో పారిస్‌లో అడుగుపెట్టిన మారీ కమార్గో పాదాల వేగానికి పేరు పొందింది. గాలిలో ఉండగా పాదాలను ఒకదాన్నొకటి దాటించే అడుగు జనానికి కనిపించాలని గౌను అంచును చీలమండల పైకి తెచ్చింది. ఇప్పుడు చూస్తే అది కొద్ది అంగుళాల తేడా. అప్పట్లో అదే పెద్ద గొడవైంది. మారీ సాలే దారి వేరు. 1734లో లండన్‌లో, శిల్పి చెక్కిన బొమ్మకు ప్రాణం వచ్చే గ్రీకు కథను ఆడుతూ ఆమె పానియే తీసేసి, జుట్టు విరబోసుకుని, ఒంటికి అంటిపెట్టుకునే పల్చని మస్లిన్ గుడ్డతో వేదిక మీదకు వచ్చింది. ప్రాణం పోసుకున్న పాలరాతి బొమ్మ ఆస్థాన గౌనులో ఉండదు కదా అన్నది ఆమె ఆలోచన.

ఒకరు అడుగు కోసం గుడ్డ తగ్గించారు, ఇంకొకరు పాత్ర కోసం మార్చారు. తర్వాత మూడు వందల ఏళ్లలో బ్యాలే దుస్తుల్లో వచ్చిన ప్రతి మార్పునూ ఈ రెండింటిలో ఏదో ఒక దారిలో పెట్టవచ్చు. 1760లో నృత్య దర్శకుడు నోవేర్ అచ్చువేసిన లేఖల్లో ముసుగులు, తొనెలేలు, పానియేలు అన్నీ తీసేయాలని గట్టిగా వాదించాడు. ఫ్రెంచి విప్లవం తర్వాత బయట ప్రపంచంలోనే గౌన్లు పల్చబడి, ఒంటికి అతుక్కునే మేజోళ్లు వాడుకలోకి రావడంతో ఆ వాదన తేలిగ్గా నెగ్గింది.

1832: దీపం మారింది, గౌను తెల్లబడింది

టుటు చరిత్రలో అందరూ చెప్పే తేదీ 1832 మార్చి 12. ఆ రోజు పారిస్ ఒపేరాలో ‘లా సిల్ఫీడ్’ తొలి ప్రదర్శన. మారీ తాలియోనీ గాలిలో తేలే వనదేవతగా ఆడింది. బిగుతైన పైభాగం, భుజాలు కనిపించే మెడ, నడుము నుంచి గంటలా విచ్చుకుని పిక్కల మధ్యకు దిగే తెల్లటి పల్చని లంగా ఆమె వేషం. ‘రొమాంటిక్ టుటు’ అని ఈనాడు అనేది దీన్నే. ఆ రోజుల్లో మాత్రం ఎవరూ అలా పిలవలేదు. టుటు అనే మాట 19వ శతాబ్దం చివరి భాగంలోగానీ వాడుకలోకి రాలేదు. పిరుదులను ఉద్దేశించి ఫ్రెంచి పిల్లలు అనే ముద్దుమాట నుంచి పుట్టిందని ఎక్కువమంది అంటారు.

ఆ తెలుపు వెనుక గ్యాస్ దీపం ఉంది. కొవ్వొత్తులు, నూనె దీపాలు వెలిగినంత కాలం స్టేజీ మీద పసుపుపచ్చని మసక వెలుగు ఉండేది. ఆ వెలుగులో మెరవాలంటే జరీ కావాలి, అద్దాలు కావాలి. 1822లో పారిస్ ఒపేరాకు గ్యాస్ దీపాలు వచ్చాయి. వెలుగును ఒకేసారి పెంచడం, తగ్గించడం వీలైంది. 1831లో అక్కడ ఆడిన ఒక ఒపేరాలో, అంటే పాటల నాటకంలో, సమాధుల నుంచి లేచిన సన్యాసినులు వెన్నెల్లో నాట్యం చేసే ఘట్టంలో ఈ కొత్త వెలుగుకు జనం నివ్వెరపోయారు. అలాంటి వెలుగులో పొరలు పొరలుగా ఉన్న తెల్ల మస్లిన్ తానే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. పై పొర కొంత కాంతిని వెనక్కి పంపితే, మిగిలినది లోపలి పొరల్లో చెదిరి బయటికి వస్తుంది. దయ్యాలు, దేవకన్యలు, చనిపోయిన ప్రేయసులు బ్యాలే నిండా చేరడం, తెల్ల గౌన్లు చేరడం ఒకే కాలంలో జరిగింది ఇందుకే. 1841లో వచ్చిన ‘జిసెల్’ రెండో అంకమంతా తెల్ల గౌన్లే.

పొడవుకూ లెక్క ఉంది. తాలియోనీ కాలివేళ్ల కొనల మీద నిలబడటాన్ని సర్కస్ విద్యలా కాకుండా పాత్ర తేలికదనాన్ని చెప్పే భాషగా మార్చింది. అందుకు పాదం, చీలమండ కనిపించాలి. మోకాలు మాత్రం కనిపించకపోవడమే మేలు. గెంతడానికి వంగే మోకాలు, నేలను తన్నే తొడ దాగిపోతే, మనిషి ఏ ప్రయత్నమూ లేకుండా గాలిలోకి లేచినట్టు ఉంటుంది. కిందికి దిగేటప్పుడు లంగాలోకి గాలి నిండి గుడ్డ ఒంటికంటే కాస్త ఆలస్యంగా దిగుతుంది. చూసే కంటికి నర్తకి నెమ్మదిగా వాలినట్టు అనిపిస్తుంది. గుడ్డ బరువు ఎక్కువైతే ఈ మాయ పనిచేయదు, మరీ పొట్టిదైనా పనిచేయదు. పిక్కల మధ్య దాకా అన్న కొలత అలా కుదిరింది.

నిప్పు

ఆ అందానికి కారణమైన గ్యాస్ దీపమే అదే గౌనుకు శత్రువు. మస్లిన్, టార్లటన్ లాంటి నూలు గుడ్డలు దట్టంగా నేసినవి కావు. దారానికి దారానికి మధ్య గాలి, పొరకు పొరకు మధ్య గాలి. మంట త్వరగా పాకడానికి కావాల్సిన రెండూ, ఎండిన నూలూ చుట్టూ గాలీ, ఒకే చోట ఉన్నాయి. స్టేజీ అంచున, పక్క తెరల దగ్గర గ్యాస్ మంటలు చాలాచోట్ల ఏ అడ్డూ లేకుండా వెలిగేవి. గంట ఆకారపు లంగా నర్తకి ఒంటికి చాలా దూరంగా విస్తరించి ఉంటుంది కాబట్టి అంచు ఎక్కడ తగులుతోందో ఆమెకే తెలియదు.

1844 డిసెంబరులో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో ప్రదర్శన నడుస్తుండగా క్లారా వెబ్‌స్టర్ గౌనుకు దీపం అంటుకుంది. కొద్ది రోజులకే ఆమె చనిపోయింది. 1861 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలోని ఒక థియేటర్‌లో దుస్తులు మార్చుకునే గదిలో ఒక నర్తకి గౌనుకు గ్యాస్ మంట తగిలింది. ఆర్పడానికి పరుగెత్తిన వాళ్ల గౌన్లూ అవే గుడ్డ. కనీసం ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు.

వీటన్నిటిలో ఎక్కువగా గుర్తుండిపోయినది ఎమ్మా లీవ్రీది. తాలియోనీ ఏరికోరి తీర్చిదిద్దిన శిష్యురాలు. 1862 నవంబరు 15న పారిస్ ఒపేరాలో రిహార్సల్ జరుగుతుండగా ఆమె లంగా పొరలు సర్దుకుంటున్నప్పుడు అంచు గ్యాస్ దీపానికి తగిలింది. ఒళ్లు కాలి ఎనిమిది నెలలు బాధపడి 1863 జూలైలో చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 20 మాత్రమే. కాలగా మిగిలిన ఆమె దుస్తుల ముక్కలను పారిస్ ఒపేరా మ్యూజియంలో దాచారు.

బాధ పెట్టే విషయం ఏమిటంటే, విరుగుడు అప్పటికే ఉంది. గుడ్డను పటిక, బోరాక్స్ లాంటి లవణాల నీళ్లలో ముంచి మంట త్వరగా అంటుకోకుండా చేసే పద్ధతిని కార్తెరోన్ అనే ఆయన తయారుచేశాడు. థియేటర్లు దాన్ని వాడాలని ఫ్రెంచి ప్రభుత్వం 1859లో ఆదేశించింది కూడా. అయితే ఆ నీళ్లలో ముంచిన లంగా బిరుసెక్కి, తెలుపు తగ్గి, మాసినట్టు కనిపించేది. లీవ్రీ అది వేసుకోనంది. ఏం జరిగినా బాధ్యత తనదేనని 1860లో ఒపేరా యాజమాన్యానికి రాసి ఇచ్చింది.

దీన్ని ఆమె మొండితనం అనుకుని వదిలేయడం తేలిక. కానీ ఆమె బతుకుతెరువు, పేరు, పై పాత్రలు అన్నీ ఆ గౌను తేలికదనం మీదే ఆధారపడి ఉన్నాయి. ప్రేక్షకులు చూడటానికి వచ్చేదే ఆ తెలుపును. ప్రమాదాన్ని తగ్గించే పని థియేటర్ చేతిలో ఉండాల్సింది పోయి, వేసుకుంటావా లేదా అనే ప్రశ్నగా ఒక టీనేజీ అమ్మాయి ముందుకు వచ్చింది. గ్యాస్ దీపాలకు అడ్డు కట్టడం, స్టేజీ పక్కన తడి దుప్పట్లు ఉంచడం లాంటి జాగ్రత్తలు మెల్లగా పెరిగాయి. అసలు ఊరట విద్యుత్ దీపంతో వచ్చింది. 1881లో లండన్ సవాయ్ థియేటర్ మొత్తం విద్యుత్ వెలుగుతో తెరుచుకుంది. 1887లో పారిస్ ఒపేరా కోమిక్ థియేటర్ తగలబడిపోయాక మిగతా థియేటర్లు ఇక ఆలస్యం చేయలేకపోయాయి.

లంగా మోకాలిని దాటింది

విద్యుత్ వెలుగులో స్టేజీ మీద కాలి కండరం కదలిక కూడా స్పష్టంగా కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఇటలీలో శిక్షణ పొందిన నర్తకీమణులు గట్టి మొన ఉన్న పాయింట్ షూలతో కొత్త విద్య తెచ్చారు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వచ్చిన వర్జీనియా జుక్కీ అక్కడి పద్ధతికి మించిన పొట్టి లంగా వేసుకోవడం అప్పట్లో పెద్ద చర్చ. 1895లో అక్కడి మారిన్‌స్కీ థియేటర్‌లో కొత్తగా కూర్చిన ‘స్వాన్ లేక్’లో పియెరీనా లెన్యానీ ఒంటికాలి మీద వరుసగా 32 ఫువెతేలు తిరిగింది. ఒక కాలి కొన మీద నిలబడి, రెండో కాలిని గాలిలో కొరడాలా విసురుతూ తిరిగే చుట్లవి.

ఈ అడుగు పొడవు లంగాతో ఎందుకు కుదరదో ఇంట్లోనే చూడవచ్చు. కుచ్చుల లంగా వేసుకుని గిర్రున తిరిగి ఆగితే ఒళ్లు ఆగినా లంగా ఆగదు, కాళ్లకు చుట్టుకుంటుంది. ఒక్కసారికి అది అందమే. ముప్పై రెండు సార్లు తిరిగేటప్పుడు ప్రతి చుట్టులోనూ గుడ్డ వెనకబడి, విసిరే కాలిని పట్టి లాగుతుంది. ఏ చుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ప్రేక్షకుడికీ తెలియదు. పొట్టిగా, బిరుసుగా ఉన్న లంగా ఒంటితో పాటే తిరుగుతుంది, ఒంటితో పాటే ఆగుతుంది.

ఒక పొరపాటు అభిప్రాయం ఇక్కడ సరిచేసుకోవాలి. 1890ల ‘స్వాన్ లేక్’ ఫొటోల్లో ఈనాటి పళ్లెం టుటు లేదు. లెన్యానీ తరం వేసుకున్నది మోకాలి దగ్గర ఆగే, ఉబ్బిన గొడుగులాంటి లంగా. 1881లో చిత్రకారుడు దెగా పారిస్‌లో ప్రదర్శించిన మైనపు బాల నర్తకి బొమ్మకు నిజం గుడ్డ లంగానే కట్టాడు. ఆ తర్వాత పోతపోసిన కంచు ప్రతులు ఈనాడు వేర్వేరు మ్యూజియాల్లో ఉన్నాయి. గుడ్డ పాడైనప్పుడల్లా కొత్తది వేస్తూ రావడంతో ఒక్కో చోట ఒక్కో పొడవు కనిపిస్తుంది.

అడుగుల అవసరమే మొత్తం కారణమని చెప్పడం కూడా నిజాయితీ కాదు. 19వ శతాబ్దపు పారిస్ ఒపేరాలో డబ్బున్న చందాదారులకు నర్తకులు ఒళ్లు సడలించుకునే గదిలోకి నేరుగా ప్రవేశం ఉండేది. పేద ఇళ్ల నుంచి వచ్చిన బాలికల జీతం చాలా తక్కువ. వాళ్లను పోషించే మిషతో మగవాళ్లు చుట్టూ చేరేవారు. 1870లో ‘కొపేలియా’లో నాయకుడి పాత్రను కూడా ఒక నర్తకీమణే ప్యాంటు వేసుకుని ఆడింది. కాళ్లు చూపించే దుస్తులకు గిరాకీ ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పళ్లెం ఎలా నిలబడుతుంది?

నూలు టార్లటన్‌కు గంజి పెడితే నిలబడేది. చెమట తగిలి గంజి కరిగితే రెండో అంకానికే వాలిపోయేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ నెట్ అందుబాటులోకి రావడంతో ఈ బాధ తప్పింది. నైలాన్ తేమ పెద్దగా పీల్చదు, వంగినా మళ్లీ లేస్తుంది. లంగాను నడుము నుంచి సూటిగా అడ్డంగా నిలబెట్టగలిగిన పళ్లెం ఆకారం 20వ శతాబ్దం మధ్యకు స్థిరపడింది.

లోపల చూస్తే ఇది లంగా కంటే ఒక కట్టడానికి దగ్గరగా ఉంటుంది. పునాది ఒక చిన్న నిక్కరు. దాని మీద కింద నుంచి పైకి పది పన్నెండు వరుసల నెట్ కుచ్చులు కుడతారు. అడుగు వరుస వేలెడంత వెడల్పే ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ వెడల్పు పెరుగుతుంది. కింది పొట్టి పొరలు పై పొడవు పొరలను మోస్తాయి, పై పొర అలంకారాన్ని మోస్తుంది. మధ్యలో ఒక పొరలో సన్నని ఉక్కు తీగ దూర్చితే అంచు సమంగా నిలుస్తుంది. చివరికి అన్ని పొరలనూ వదులు దారపు కుట్లతో ఒకదానికొకటి పట్టిస్తారు. బిగిస్తే అట్టముక్క అవుతుంది, మరీ వదిలేస్తే పొరలు విడిపోతాయి. ఈ బిగువు చేతికే తెలియాలి. అందుకే మంచి టుటు ఇప్పటికీ చేతిపనే. వారాల శ్రమ, వేల డాలర్ల ఖర్చు.

తీగతో ఒక చిక్కుంది. గట్టి చక్రాన్ని ఒక వైపు నొక్కితే రెండో వైపు లేస్తుంది. జంటగా ఆడే మగ నర్తకుడు దగ్గరికి రాగానే వెనక భాగం ఎగురుతుంది. యాభై మందికి పైగా ఒకేసారి స్టేజీ నిండే ‘సింఫనీ ఇన్ సి’ లాంటి రచనలో పక్కపక్కన ఉన్న చక్రాలు తగులుకుని తక్కెడల్లా ఊగుతాయి. ఈ చిక్కును విప్పింది బార్బరా కరిన్‌స్కా. ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో 1886లో పుట్టి, న్యూయార్క్ సిటీ బ్యాలేకు దుస్తులు కుట్టిన ఆమె 1950లో ఇదే రచన కోసం తీగ పూర్తిగా తీసేసింది. పొరలు తగ్గించి, పొట్టిగా చేసి, వదులుగా పట్టించింది. పౌడర్ పఫ్‌లా మెత్తగా ఉబ్బి, తగిలితే ఒదిగి, వదిలితే మళ్లీ విచ్చుకునే టుటు అది.

జాకెట్టు విషయంలో ఆమె చేసిన పని తెలుగు టైలర్లకు వెంటనే అర్థమవుతుంది. ముందు ముక్కను నిలువుగానే ఉంచి, పక్క ముక్కలను క్రాస్‌గా కత్తిరించింది. ఐమూలగా కత్తిరించిన గుడ్డ సాగుతుంది కాబట్టి బిగుతైన జాకెట్టులోనూ పక్కటెముకలు విచ్చుకోగలవు, ఊపిరి ఆడుతుంది. ఊపిరి కోసం కూడా గుడ్డను కత్తిరించాలని నేర్పిన మనిషి కరిన్‌స్కా. హాలీవుడ్‌లో దుస్తులకు ఆస్కార్ అందుకున్నా ఆమె పేరు బ్యాలే బయట పెద్దగా వినిపించదు. అది లోటే.

టుటు వద్దన్నవాళ్లు

పళ్లెం రూపు కట్టకముందే దాని మీద తిరుగుబాటు వచ్చింది. ఈజిప్టు కథైనా, భారతదేశపు కథైనా నాయికకు అదే లంగా ఎందుకని రష్యన్ నృత్య దర్శకుడు ఫోకిన్ ప్రశ్నించాడు. ఇది సాలే అడిగిన పాత ప్రశ్నే. 1909 నుంచి దియాగిలేవ్ నడిపిన రష్యన్ బ్యాలే బృందం పారిస్‌లో చిత్రకారుడు బక్స్ట్ గీసిన ముదురు రంగుల షరాయిలు, పారదర్శక గుడ్డలు తెచ్చింది. మగ దుస్తుల్లోనూ గొడవ జరిగింది. 1911లో నర్తకుడు నిజిన్‌స్కీ ‘జిసెల్’లో మేజోళ్ల మీద వేయాల్సిన పొట్టి నిక్కరు లేకుండా ఆడినందుకు మారిన్‌స్కీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తర్వాత న్యూయార్క్ సిటీ బ్యాలే నృత్య దర్శకుడు బాలన్‌షిన్ 1950లలో కొన్ని రచనలకు వేషాలే తీసేసి, సాధన చేసేటప్పటి నలుపు తెలుపు దుస్తులతో ఆడించాడు. కమార్గో మొదలుపెట్టిన దారికి అది చివరి మెట్టు. 1996లో నృత్య దర్శకుడు ఫోర్సైత్ రచన ఒకదాని కోసం స్టీఫెన్ గాలోవే కుచ్చులే లేని నిమ్మపచ్చ బిళ్లలాంటి టుటు చేశాడు. గుడ్డ పోయి ఆకారం ఒక్కటే మిగిలింది.

కూచిపూడి ఫ్యాన్‌తో పోలిస్తే

కాళ్లు కనిపించాలా దాగాలా అన్న ప్రశ్న మన నాట్యాలకూ ఉంది. జవాబు మాత్రం వేరేగా వచ్చింది. బ్యాలేలో కాలు తుంటి నుంచి పైకి, దూరానికి సాగుతుంది. అడ్డొచ్చే గుడ్డను తీసేయడమే దారి. కూచిపూడి, భరతనాట్యాల్లో మోకాళ్లు పక్కలకు వంగి అరమండిలో కూర్చుంటాయి. అందమంతా ఆ రెండు మోకాళ్ల మధ్య ఏర్పడే ఖాళీలో ఉంది. అందుకే ఇక్కడ ఆ ఖాళీలోకి గుడ్డ చేర్చారు. కాళ్ల మధ్య కుట్టిన కుచ్చిళ్ల ఫ్యాన్, నిలబడితే ముడుచుకుంటుంది, అరమండిలో విచ్చుకుంటుంది. మోకాళ్లు సరిగ్గా తెరుచుకోకపోతే ఫ్యాన్ సగమే తెరుచుకుని తప్పును పట్టిస్తుంది. టుటు కూడా అంతే. తుంటి ఒక పక్కకు ఒరిగితే చక్రం అంచు వాలి, చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా దొరికిపోతుంది.

రెండు సంప్రదాయాల మధ్య నిజమైన రాకపోకలూ ఉన్నాయి. 1923లో లండన్‌లో ఉదయ్ శంకర్, రష్యన్ బ్యాలే నర్తకి ఆనా పావ్లోవాతో కలిసి రాధాకృష్ణుల నృత్యం చేశాడు. భరతనాట్యానికి ఈనాటి వేదిక రూపం ఇవ్వడంలో ముందున్న రుక్మిణీదేవి అరండేల్ మొదట నేర్చుకున్నది బ్యాలేనే, పావ్లోవా బృందంలోని క్లియో నార్డీ దగ్గర. మీ దేశపు నాట్యాన్ని వెతుక్కోమని పావ్లోవాయే ఆమెను ప్రోత్సహించింది.

గులాబీ రంగు ఎవరి చర్మం?

బ్యాలే మేజోళ్లు, చెప్పులు లేత గులాబీ రంగులో ఉండటం అలంకారం కోసం మాత్రమే కాదు. కాలు తొడ నుంచి కాలివేలి కొన దాకా తెగకుండా ఒకే గీతలా కనిపించాలి. తెల్లవారి చర్మానికి ఆ రంగు దగ్గరగా ఉంటుంది. నల్లజాతి నర్తకికి అదే రంగు వేస్తే గీత నడుము దగ్గరే తెగిపోతుంది. ఆర్థర్ మిచెల్ 1969లో స్థాపించిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెం 1970ల నుంచే నర్తకుల చర్మపు రంగుకు తగ్గ మేజోళ్లు, చెప్పులు వాడుతోంది. దుకాణంలో అవి దొరికేవి కావు కాబట్టి నర్తకులు ఫౌండేషన్, టీ డికాక్షన్ లాంటివి పూసి రంగు మార్చుకునేవారు. ప్రతి కొత్త జత కొన్నప్పుడల్లా ఇదే పని. లండన్‌లోని ఫ్రీడ్ కంపెనీ, బ్యాలే బ్లాక్ బృందంతో కలిసి గోధుమ రంగు పాయింట్ షూలు తెచ్చింది 2018లో. చామనఛాయ పిల్లలు బ్యాలే క్లాసులో చేరే ఇళ్లలో, విదేశాల్లోని తెలుగు ఇళ్లలో కూడా, ఈ ప్రశ్న ఎదురవుతుంది. మేజోళ్ల రంగు మీద తమ నియమం ఏమిటని స్కూలును ముందే అడగడంలో తప్పు లేదు.

వీధిలోకి వచ్చిన నెట్టు

స్టేజీ నుంచి బజారుకు మొదట చేరింది చెప్పులు. యుద్ధకాలంలో అమెరికాలో బూట్లకు రేషన్ పెట్టినప్పుడు డిజైనర్ క్లేర్ మెకార్డెల్, బ్యాలే చెప్పులకు గట్టి అడుగు వేయించి తన దుస్తులతో చూపించింది. పారిస్‌లో రోజ్ రెపెట్టో 1947లో మొదలుపెట్టిన బ్యాలే చెప్పుల తయారీ, 1956లో నటి బ్రిజిత్ బార్డో కోసం చేసిన జతతో బయటి ప్రపంచానికి తెలిసింది. అదే 1947లో ఫ్యాషన్ డిజైనర్ డియోర్ తెచ్చిన సన్న నడుము, వెడల్పు లంగా కొలతల్లో తాలియోనీ కాలపు రూపం కనిపిస్తుంది. 1998లో మొదలైన ఒక అమెరికన్ టీవీ సీరియల్ టైటిల్స్‌లో నాయిక వేసుకున్న తెల్ల నెట్టు స్కర్టు, 5 డాలర్ల డబ్బాలో దొరికిందని చెప్పేది, 2024 జనవరిలో వేలంలో 52,000 డాలర్లు పలికింది.

బజారులో టుటు పేరుతో అమ్మేది దాదాపు ఎప్పుడూ రొమాంటిక్ రకమే. సాఫ్ట్ నెట్ పొరలు, ఎలాస్టిక్ నడుము, కిందికి వాలే అంచు. పళ్లెం టుటు వేసుకుని కుర్చీలో కూర్చోలేరు, ఆటో ఎక్కలేరు.

మన హాఫ్ శారీ లంగాల కింద వేసే ‘క్యాన్‌క్యాన్’ను కూడా కొందరు టుటు అంటున్నారు. ఆ పేరు 19వ శతాబ్దపు పారిస్ నాట్యశాలల్లో కాళ్లు ఎగరేస్తూ ఆడిన వేరే నృత్యానిది. పనిచేసే తీరు మాత్రం ఒకటే. హార్డ్ నెట్ కుచ్చులు పై గుడ్డను ఒంటికి దూరంగా పట్టి ఉంచుతాయి. తేడా ఏమిటంటే క్యాన్‌క్యాన్ పట్టు లంగా కింద దాగి బరువు మోస్తుంది. టుటులో ఆ మోసే నెట్టే బయటికి కనిపించే దుస్తు. నెట్టు ఏదైనా దీపారాధన, కేకు మీది కొవ్వొత్తుల దగ్గర జాగ్రత్త తప్పదు. మంటకు దూరంగా ఉందో లేదో, 1862లో లాగానే, వేసుకున్న పిల్లకు తెలియదు.

బ్యాలే బృందాల్లో టుటులను తలకిందులుగా వేలాడదీస్తారు, లేదా ఒకదాని మీద ఒకటి పరిచి దాస్తారు. నీళ్లలో ఉతకడం కుదరదు కాబట్టి చాలాచోట్ల వోడ్కాలో నీళ్లు కలిపి జాకెట్టు లోపల చల్లుతారు, చెమట వాసన పోతుంది. వీపు వైపు రెండు మూడు వరుసల హుక్కులు ఉంటాయి. ఒకే టుటును వేర్వేరు కొలతల నర్తకులు వేసుకోవాలి మరి. నెట్ మెత్తబడితే పై పొరలు మార్చి జాకెట్టును ఇంకా వాడతారు. పాత జాకెట్టు లోపలి పట్టీ మీద దాన్ని వేసుకున్న నర్తకుల పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి.